గూగుల్‌లో ఫస్ట్ రావాలా? ముందు జనం మీ పేరు పెట్టి వెతకాలి: చిన్న వ్యాపారులు చేయాల్సిన పనులు

వారానికి ఒకరిద్దరైనా ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు. "అన్నా, నేను కూడా గానుగ పెట్టిన. గూగుల్‌ల ఫస్ట్ రావాలంటే ఏం చెయ్యాలె?" మొన్న అడిగినతనిది సిద్దిపేట. అంతకు ముందు ఒంగోలు నుంచి ఒకావిడ, పచ్చళ్లు చేస్తారట. ఫోన్‌లో చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను.

నాది మహబూబ్‌నగర్‌లో చెక్క గానుగ. పల్లి నూనె, నువ్వుల నూనె, కొబ్బరి నూనె తీస్తాం. కొట్టు పేరు ఇక్కడ రాయను, ప్రచారం చేసుకుంటున్నాడంటారు. మొదలుపెట్టిన రెండో ఏడు గూగుల్‌లో పైకి తెస్తామనే ఏజెన్సీని నేనూ ఒకదాన్ని పెట్టుకున్నాను. నెలకు 12 వేలు, తొమ్మిది నెలలు కట్టాను. అబద్ధమెందుకు, మొదటి పేజీలోకి తెచ్చారు. ఫోన్లు కూడా వచ్చాయి. కానీ వచ్చిన ప్రతి ఫోనూ "లీటరు ఎంత?" దగ్గరే మొదలై "అవతల ఇరవై తక్కువకే ఇస్తున్నారు" దగ్గర ఆగిపోయేది. తర్వాత గూగుల్ తన లెక్కలేవో మార్చింది. ఏడాదిలో కొన్నిసార్లు అలా మారుస్తూనే ఉంటుంది. ఒకరోజు పొద్దున చూసుకుంటే మూడో పేజీలో ఉన్నాను. ఫోన్లు ఆగాయి.

ఆగనివి కూడా కొన్ని ఉన్నాయి. ఒకే కాలనీలో నలభై ఇళ్ల వాళ్లు నెలనెలా తీసుకుంటూనే ఉన్నారు. వాళ్లలో ఎవరూ "పల్లి నూనె" అని వెతికి రాలేదు. వాళ్లు వాడేది నా కొట్టు పేరే. పట్టుకోవాల్సింది ఆ తేడానే.

ఒక మినహాయింపు. రాత్రి పదింటికి తాళంచెవి పోగొట్టుకున్నవాడికి మీ బ్రాండ్‌తో పనిలేదు, ముందు కనిపించిన నంబరుకు కొడతాడు. తాళాలు తీసేవాళ్లు, డ్రైనేజీ పనివాళ్లు, బండి పంక్చర్ వేసేవాళ్లు ర్యాంకు కోసం కష్టపడటంలో అర్థముంది. మీ సరుకు ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ కొనేదైతే మాత్రం కింద చెప్పిన దారి మీకోసమే. నూనె, పచ్చళ్లు, చీరలు, ట్యూషన్, టైలరింగ్, పిండివంటలు ఏదైనా సరే. నేను గానుగ ఉదాహరణతో చెబుతాను, మీరు మీ సరుకుకు మార్చుకోండి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత ఆరు నెలల బిల్లు పుస్తకం, లేదా వాట్సాప్ ఆర్డర్ల చాట్లు
- గీతల నోటు పుస్తకం ఒకటి. ఫోన్‌లో రాసుకుంటానంటే మీ ఇష్టం, నాకైతే పుస్తకమే నిలబడింది
- మీ చేతుల్లోనే ఉండే ఒక జీమెయిల్, ఎప్పటికీ మార్చని ఒక ఫోన్ నంబరు
- పది నుంచి పదిహేను వేల రూపాయలు. ట్రేడ్‌మార్క్ (పేరు మీదేనని రిజిస్టర్ చేయించడం) ఫీజు, డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా), కొత్త లేబుళ్లు అన్నీ కలిపి
- వారానికి మూడు గంటలు, ఆరు నెలల ఓపిక

సరుకు బాగుండాలని వేరే చెప్పను. నూనెలో పామాయిల్ కలిపేవాళ్లు ఇది చదవడం దండగ. పేరు ఎంత పెరిగితే అంత తొందరగా దొరికిపోతారు.

1. పదిమంది పాత కస్టమర్లకు ఫోన్ చేయండి

కనీసం మూడుసార్లు కొన్నవాళ్లను పదిమందిని ఎంచుకోండి. బంధువులు వద్దు. రెండే ప్రశ్నలు అడగండి: "మా దగ్గరే ఎందుకు తీసుకుంటున్నారు?", "పక్కింటివాళ్లకు మా గురించి ఏమని చెబుతారు?" వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మీ భాషలోకి మార్చకండి.

నేను "స్వచ్ఛమైన నూనె" అంటారనుకున్నాను. పదిమందిలో ఒక్కరూ ఆ మాట అనలేదు. రిటైరైన ఒక టీచరమ్మ అన్న మాట ఇది: "మీ డబ్బా మీద గానుగాడించిన తేదీ చేత్తో రాసుంటుంది నాయనా. ఆ రాత చూస్తే ఎవరో మనిషి తీసినట్టు ఉంటుంది." ఇంకో ఇద్దరు కూడా తేదీ మాటే ఎత్తారు. నిజానికి ఆ తేదీ మేం గొప్ప కోసం రాయలేదు. స్టాంపు పాడైపోయి మా ఆవిడ మార్కర్‌తో రాయడం మొదలుపెట్టింది, అంతే. అప్పటినుంచి మా బోర్డు మీద, లేబుల్ మీద, వాట్సాప్‌లో అదే మాట: ఎప్పుడు ఆడించామో డబ్బా మీద చూసుకోండి.

పదిమందిలో కనీసం ముగ్గురు ఒకే విషయం చెబితే మీ మాట దొరికినట్టే. పది మంది పది చెబితే ఇంకో పదిమందిని అడగండి. అందరూ "రేటు తక్కువ కదా" అంటే మాత్రం ఆలోచించాల్సిందే. రేపు మీకంటే రూపాయి తగ్గించేవాడు రాగానే వాళ్లు అటు వెళ్తారు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నాణ్యత, నమ్మకం, సంప్రదాయం, ఆరోగ్యం అన్నీ కలిపి ఫ్లెక్సీ వేయిస్తారు. ఆ ఫ్లెక్సీ మీద పేరు చెరిపి పక్క కొట్టువాడి పేరు పెట్టినా ఎవరికీ తేడా తెలియదు. అలా పేరు మార్చినా అతికిపోయే మాట మీది కానట్టే, తీసేయండి.

2. పేరు సరిచూసుకోండి

నా మొదటి పేరులో "నేచురల్", "వుడ్ ప్రెస్‌డ్", "ఆయిల్స్" అన్న మూడు మాటలూ ఉండేవి. అలా ఉంటే గూగుల్‌కు నచ్చుతుందని ఎవరో చెప్పారు. గూగుల్ సంగతేమో గానీ మనుషులకు మాత్రం గుర్తుండలేదు. అలాంటి పేర్లున్న కొట్లు మా జిల్లాలోనే బోలెడు. ఒకసారి నా కస్టమర్ చుట్టాలకు మా పేరు చెబితే, వాళ్లు వెళ్లి ఇంకో కొట్టులో కొన్నారు. నూనె బాగోలేదని తిట్లు నాకొచ్చాయి.

పేరును ఇలా పరీక్షించండి:

ఫోన్ పరీక్ష. మీ సరుకు గురించి తెలియని ఐదుగురికి ఫోన్‌లో ఒక్కసారి మాత్రం పేరు చెప్పి, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి వాట్సాప్ చేయమనండి. నలుగురైనా ఒకేలా రాయాలి. "ఓ" అక్షరం ఒకటా రెండా, "హెచ్" ఉందా లేదా అని తలోరకంగా రాస్తే, రేపు వెతికేటప్పుడు కూడా తలోచోట తేలతారు.

మర్నాటి పరీక్ష. అదే ఐదుగురిని మర్నాడు పేరు అడగండి. "అదేదో ఆర్గానిక్..." అన్నారంటే ఫెయిల్.

రిజిస్ట్రీ పరీక్ష. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉచితం. అక్కడ సరుకులను క్లాసులుగా, అంటే రకాలుగా విడదీస్తారు. వంటనూనెలు, పచ్చళ్లు 29వ క్లాసులోకి వస్తాయి. మసాలా పొడులు, మిఠాయిలు 30వ క్లాసు. రాతలో కలిసేవే కాకుండా ఉచ్చారణలో దగ్గరగా ఉండే పేర్లు కూడా చూడండి, అందుకు విడిగా ఆప్షన్ ఉంది.

మూడింట్లోనూ నిలబడితే ట్రేడ్‌మార్క్‌కు అప్లై చేయండి. ఆన్‌లైన్‌లో వేస్తే, వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఒక క్లాసుకు 4,500 రూపాయలు, మిగతా కంపెనీలకు 9,000. రిజిస్ట్రేషన్ వస్తే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యూ చేసుకోవాలి. సరుకును వర్ణించే మాటలకు, అంటే "స్వచ్ఛమైన పల్లి నూనె" లాంటి వాటికి, 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం 9వ సెక్షన్ కింద అభ్యంతరం వస్తుంది. ఆ మాటలు అందరివీ కాబట్టి ఒక్కరికి రాసివ్వరు.

జాగ్రత్త: అప్లై చేసిన రోజు నుంచి పేరు పక్కన "టీఎం" అని వేసుకోవచ్చు. వృత్తంలో "ఆర్" ఉన్న గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చేతికొచ్చాకే. ముందే వేస్తే నేరం. లేబుల్ డిజైన్ చేసే కుర్రాళ్లకు ఇది తెలియదు, అందంగా ఉంటుందని పెట్టేస్తారు. ప్రింటుకిచ్చే ముందు చూసుకోండి.

ఊరి పేరు పెట్టుకుందామనుకునేవాళ్లకు ఒక మాట. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు గొప్పదే, కానీ అది ఆ ఊళ్లో పూతరేకులు చుట్టే అందరిదీ. పెట్టె మీద "ఆత్రేయపురం" ఒక్కటే ఉంటే రెండోసారి కొనేవాడు మిమ్మల్ని వెతకడు, ఆ ఊరిని వెతుకుతాడు. ఊరి పేరు కింద మీ పేరు కూడా అంతే పెద్దగా ఉండాలి.

ఇప్పటికే పదేళ్లుగా నడుస్తున్న కొట్టుకు పేరు బాగోలేదనిపిస్తే? మార్చకండి. జనం ఇప్పటికే ఏమని పిలుస్తున్నారో వినండి. "గడియారం దగ్గరి షాపు", "మీసాలాయన కొట్టు" అంటుంటే దాన్నే చిన్న అక్షరాల్లో బోర్డు మీదికి ఎక్కించండి. దానికి పైసా ఖర్చు లేదు.

3. అన్ని చోట్లా ఒకే రూపం

బోర్డు, డబ్బా లేబుల్, బిల్లు, వాట్సాప్ ఫొటో, గూగుల్ లిస్టింగ్, ఇన్‌స్టా పేజీ, కొరియర్ పెట్టె మీది స్టిక్కర్. ఈ ఏడింటినీ ఫొటో తీసి ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూడండి. పేరు రాసిన తీరు, రంగు, ఫోన్ నంబరు మూడూ కలవాలి. నేను మొదటిసారి చూసుకున్నప్పుడు మూడు ఫోన్ నంబర్లు, రెండు స్పెల్లింగులు బయటపడ్డాయి. ఒక నంబరైతే మా తమ్ముడిది, వాడు దుబాయ్‌లో ఉన్నాడు.

డిజైనర్ అక్కర్లేదు. ఒక ముదురు రంగు, ఒక తెలుగు ఫాంటు, అంతే. తెలుగులో పేరు పెద్దగా, ఇంగ్లిష్‌లో చిన్నగా వేయండి. మన దగ్గర కొనేవాళ్లలో అత్తలు, అమ్మలు ఎక్కువ. డబ్బా మీద చదవగలిగితేనే నోటికి వస్తుంది.

లేబుల్ మీద ఉండాల్సినవి ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి: 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, పరిమాణం, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ గుర్తు, మీ చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు. ఇవి లేకపోతే బ్రాండ్ మాట తర్వాత, ముందు నోటీసు వస్తుంది.

కొన్ని మాటలు అసలు రాయకండి.

"ఆర్గానిక్" అని రాయాలంటే సేంద్రియ పంటకు ప్రభుత్వ పద్ధతులైన ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ ఇండియా గానీ సర్టిఫికెట్ ఉండాలి. తెలిసిన రైతు మందు కొట్టడని చెప్పినంత మాత్రాన కుదరదు. వంటనూనె డబ్బా మీద "కొలెస్ట్రాల్ ఫైటర్", "గుండెకు హాయి" లాంటి అతిశయోక్తులు నిబంధనల ప్రకారం నిషేధం. "షుగర్ తగ్గుతుంది" అని ప్రచారం చేస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందికి పోతారు. యూట్యూబ్‌లో ఎవరో డాక్టరు గారు చెప్పారని వీడియో ఫార్వర్డ్ చేసేవాళ్లు కూడా ఆగండి. చట్టం సంగతి అటుంచినా, నూనె వాడి షుగర్ తగ్గనివాడు మీ పేరు నలుగురిలో ఎలా చెబుతాడో ఊహించుకోండి.

4. గూగుల్ ప్రొఫైల్: ఒక్క పూట పని

ర్యాంకుల వెంట పడొద్దన్నానని గూగుల్‌ను వదిలేయమనడం లేదు. మీ పేరు విన్నవాడు వెతికితే మీరే కనిపించాలి, తెరిచి ఉన్నారో లేదో తెలియాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. బోర్డు, కొట్టు లోపల, గానుగ కనిపించేలా వీడియో తీసి వెరిఫై చేయమని అడగవచ్చు, సిద్ధంగా ఉండండి.

పేరు గడిలో బోర్డు మీదున్న పేరు మాత్రమే రాయండి. "ఫలానా, బెస్ట్ పల్లి నూనె ఇన్ మహబూబ్‌నగర్" అని సాగదీస్తే నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. దసరాకు, సంక్రాంతికి సెలవు వేళలు మార్చండి. మూసిన కొట్టుకు ఎండలో వచ్చినవాడు మళ్లీ రాడు.

రివ్యూలకు డబ్బులు, డిస్కౌంట్లు ఇవ్వకండి. అదీ నిషేధమే. డబ్బా ఇచ్చేటప్పుడు కాకుండా వారం తర్వాత లింకు పంపండి, అప్పటికి వంటలో వాడి ఉంటారు. బాగుందన్నవాళ్లకు మాత్రమే కాదు, కొన్న అందరికీ పంపండి.

చెడ్డ రివ్యూ వస్తే ఆ రోజు జవాబు రాయకండి. కోపంలో రాసింది స్క్రీన్‌షాట్ అయి ఊరంతా తిరుగుతుంది. మర్నాడు పొద్దున రాయండి. నాకొచ్చిన ఒక రివ్యూ: "పూరీలు వేస్తే నురగ పొంగింది, కల్తీ." నేను రాసిన జవాబు ఇది:

"అమ్మా, రిఫైన్ చేయని నూనెలో సహజంగా ఉండే జిగురు పదార్థాల వల్ల నురగ వస్తుంది. మంట తగ్గించి, మూకుడులో సగానికి మించకుండా పోసి చూడండి. అయినా నచ్చకపోతే డబ్బా తెచ్చివ్వండి, పూర్తి డబ్బులు ఇస్తాం."

ఆవిడ డబ్బా తేలేదు. కానీ ఆ జవాబు చదివి వచ్చామని తర్వాత చాలామంది చెప్పారు. రివ్యూ రాసినావిడ ఒక్కరే, దాన్ని చదివేవాళ్లు వందమంది. జవాబు ఆ వందమందికి రాయాలి.

5. వెబ్‌సైట్ తాళాలు మీ దగ్గరే ఉండాలి

ఇది నా సొంత దెబ్బ. ఏజెన్సీతో తెగదెంపులు చేసుకున్న రోజు తెలిసింది, డొమైన్ వాళ్ల మెయిల్ మీద ఉంది, గూగుల్ ప్రొఫైల్‌కు ఓనరు వాళ్లే, నేను ఉత్త మేనేజర్‌ని. బతిమాలి, బాకీ లేని డబ్బు కూడా కట్టి విడిపించుకోవడానికి రెండు నెలలు పట్టింది. కాబట్టి ఎవరితో పని చేయించుకున్నా డొమైన్, ప్రొఫైల్, ఇన్‌స్టా, సెర్చ్ కన్సోల్ (జనం ఏమని వెతికితే మీ సైట్ కనిపించిందో గూగుల్ చూపించే చోటు) అన్నీ మీ జీమెయిల్‌తోనే తెరవండి. పనిచేసేవాళ్లను మేనేజర్‌గా చేర్చండి. ఇప్పటికే వేరేవాళ్ల పేరు మీద ఉంటే, గొడవ రాకముందే, మంచిగా ఉన్నప్పుడే మార్పించుకోండి.

సైట్‌లో నాలుగైదు పేజీలు చాలు. "గానుగ నూనె వల్ల 50 లాభాలు" లాంటి వ్యాసాలు మాత్రం రాయించకండి. అలాంటివి వేలల్లో ఉన్నాయి. పైగా 2024 నుంచి మన దేశంలో కూడా గూగుల్ చాలా ప్రశ్నలకు పైనే ఏఐతో జవాబు చూపించేస్తోంది, చదివేవాడు కిందికి దిగడం లేదు.

దానికి బదులు, మీ కౌంటర్ దగ్గర రోజూ అడిగే ప్రశ్నలకు జవాబులు రాయండి. మా దగ్గర ఎక్కువ అడిగేవి మూడు.

ఒకటి: "లీటరు అన్నారు, కాటా మీద పెడితే కిలో లేదు." లీటరు పల్లి నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. దీని గురించి మా కొట్టులో ఎన్ని గొడవలో! ఇప్పుడు కౌంటర్ మీద లీటరు కొలపాత్ర, కాటా రెండూ పెట్టాం. అనుమానం ఉన్నవాళ్లు వాళ్లే పోసి చూసుకుంటారు. ఆ ఫొటోనే సైట్‌లో ఉంది.

రెండు: "రేటు ఎందుకింత?" లీటరు నూనెకు రెండున్నర కిలోల దాకా పల్లీలు పడతాయి. ఈ నెల వనపర్తి మార్కెట్‌లో పల్లీల రేటు, గానుగ ఖర్చు, డబ్బా ఖర్చు రాసి, చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) అమ్మితే వచ్చేది తీసేసి, మిగిలేదెంతో చూపిస్తాం. లాభం చూపిస్తే బేరాలు పెరుగుతాయని భయపడ్డాను. తగ్గాయి.

మూడు: "అడుగున మడ్డి ఉందేంటి?" దీనికి రెండు ఫొటోలు చాలు, తీసిన రోజు ఒకటి, తేరుకున్నాక ఒకటి.

వెబ్‌సైట్ వద్దనుకుంటే వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్, తరచూ అడిగేవాటికి క్విక్ రిప్లైలు పెట్టుకుని మొదలుపెట్టండి. డొమైన్ పేరు మాత్రం ఇప్పుడే కొనిపెట్టుకోండి.

6. వాట్సాప్‌లో విసిగించకుండా ఉండటం

ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మంది పరిమితి, పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. చాలామంది దీన్ని ఇబ్బంది అనుకుంటారు. నాకైతే ఇది మంచి కొలబద్ద. డబ్బా ఇచ్చేటప్పుడు "మా పేరుతో నంబరు సేవ్ చేసుకోండి, ఆడించే రోజు ముందే చెబుతాం" అనండి. వాళ్ల ఫోన్‌లో మీ పేరు పడిందంటే సగం బ్రాండు అక్కడే.

పదిహేను రోజులకు ఒక్క మెసేజ్, అంతే. గుడ్ మార్నింగ్‌లు, పండగ శుభాకాంక్షల బొమ్మలు పంపకండి. మాది ఇలా ఉంటుంది:

"ఈ శనివారం పల్లి నూనె ఆడిస్తున్నాం. వనపర్తి పల్లీలు, కదిరి-6 రకం. తేరుకోవడానికి మూడు రోజులు, బుధవారం నుంచి ఇస్తాం. రేటు కిందటిసారిదే. పాత డబ్బా తెస్తే డబ్బా ఖర్చు తగ్గిస్తాం."

రేటు పెరిగినప్పుడు కూడా ఇలాగే ముందే చెప్పండి. కౌంటర్ దగ్గరికి వచ్చాక తెలిస్తే చిరాకు పడతారు.

7. రుచి చూపించండి

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు సంగీత కచేరీల దగ్గర దాన్ని ఉచితంగా పంచేవారట. తలనొప్పి మందు పంచడానికి అంతకంటే మంచి చోటేముంది! ఆయన చేసిన పనిలో చూడాల్సింది ఉచితంగా ఇవ్వడం కాదు, ఎక్కడ ఇచ్చారన్నది. మీ సరుకు అవసరం పడే చోటు ఏది?

మేం అపార్ట్‌మెంట్ గేటు దగ్గర స్టాల్ పెట్టి చిన్న సీసాలు పంచితే ఏమీ రాలేదు. ఆవకాయల సీజన్‌లో, మామిడికాయ కొట్టించుకునే చోట, నువ్వుల నూనె సీసాలు ఇచ్చాం. అక్కడికి వచ్చినవాళ్లందరికీ ఆ వారంలోనే కిలోలకొద్దీ నూనె కావాలి. వంద సీసాలు పంచితే పద్దెనిమిది మంది వచ్చారు. మరుసటి ఏడు వాళ్లు చుట్టాలను కూడా తెచ్చారు. ప్రతి సీసా మీదా పేరు, నంబరు ఉండాలి. పేరు లేని సీసాలు పంచి డబ్బు తగలేసినవాళ్లను చూశాను.

8. తప్పు జరిగిన రోజు

జరుగుతుంది. హైదరాబాద్‌కు పంపిన ఐదు లీటర్ల క్యాన్ మూత ఊడి, కారిన నూనెకు వేరేవాళ్ల పార్సిల్‌లోని చీరలు కూడా పాడైన రోజు నాకు నిద్ర పట్టలేదు. తప్పు మాదే, మూతకు లోపలి సీల్ వేయలేదు. కొన్నవాళ్లకు ఆ రోజే ఇంకో క్యాన్ పంపాను, చీరల డబ్బు కట్టాను, మూతకు సీల్ వేసే మిషన్ కొని దాని ఫొటో ఇద్దరికీ పంపాను. "ఇకమీదట ఇలా జరగదు" అని రాస్తే నమ్మేవాళ్లు కాదేమో.

ముందే ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి: కారితే ఏం ఇస్తాం, ఆలస్యమైతే ఏం ఇస్తాం, నచ్చకపోతే ఏం ఇస్తాం. మీరు లేనప్పుడు కౌంటర్ దగ్గరున్న కుర్రాడు మీకు ఫోన్ చేయకుండానే నిర్ణయం తీసుకోగలగాలి.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

ర్యాంకు చూసుకునే అలవాటు ముందు మానండి. సొంత ఫోన్‌లో వెతికితే మీరున్న చోటు, పాత వెతుకులాటలను బట్టి ఫలితాలు మారతాయి, మీరే పైన కనిపించి మోసపోతారు. చూడాల్సినవి ఇవి.

నోటు పుస్తకంలో ప్రతి కొత్త ఆర్డరు పక్కన "ఎలా తెలిసింది?" అని ఒక గడి గీయండి. ఫలానావాళ్లు చెప్పారు, బోర్డు చూశాం, గూగుల్, ఇంకేదైనా. గూగుల్ అంటే అక్కడ ఆగకుండా "ఏమని వెతికారు?" అని కూడా అడగండి. మా పేరు కొట్టారా, పల్లి నూనె అని కొట్టారా? ఈ ఒక్క గడి ఏ సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువ చెబుతుంది.

వెబ్‌సైట్ ఉంటే సెర్చ్ కన్సోల్‌లో పర్ఫార్మెన్స్ దగ్గర, మీ పేరున్న వెతుకులాటలు మాత్రమే వచ్చేలా ఫిల్టర్ పెట్టండి. జనం రాసే తప్పు స్పెల్లింగులు కూడా కలపండి. మూడు నెలలకోసారి సంఖ్య రాసుకోండి. అరుదైన వెతుకులాటలను గూగుల్ చూపించదు కాబట్టి మొదట్లో సున్నాలా కనిపించినా కంగారు పడొద్దు. బిజినెస్ ప్రొఫైల్‌లో కూడా ఏ మాటలతో మీరు కనిపించారో నెలవారీగా ఉంటుంది. సీజన్ వల్ల కూడా సంఖ్యలు పెరుగుతాయి, కాబట్టి ఆవకాయల నెలను కిందటేటి ఆవకాయల నెలతో పోల్చండి, మార్చితో కాదు.

మొదటి ప్రశ్న వినండి. ఫోన్ ఎత్తగానే "లీటరు ఎంత?" అంటే మీరింకా నలుగురిలో ఒకరే. "ఈ వారం ఆడించారా?" అంటే పేరు పట్టింది. రోజుకు ఎన్ని అవి, ఎన్ని ఇవి అని నెలలో ఒక వారం పాటు గీతలు గీయండి. నేను మొదలుపెట్టినప్పుడు ఇరవై ఫోన్లలో మూడు రెండో రకం. ఏడాదికి పదకొండయ్యాయి.

లీటరుకు ఐదు రూపాయలు పెంచినప్పుడు ఎంతమంది మానేశారో కూడా రాసుకోండి. దీని కోసం పనిగట్టుకుని పెంచకండి, పల్లీల ధర ఎలాగూ పెంచిస్తుంది.

ఆరు నెలలైనా "ఎలా తెలిసింది" గడిలో "ఫలానావాళ్లు చెప్పారు" పెరగకపోతే ఖర్చు పెంచకండి, ప్రకటనలు ఇవ్వకండి. ఒకటో పనికి వెళ్లి మళ్లీ పదిమందికి ఫోన్ చేయండి. ఈసారి కొనడం మానేసినవాళ్లకు. ఫోన్ చేయడానికి మొహమాటంగా ఉంటుంది, ఇద్దరు ముగ్గురు కట్ చేస్తారు, ఎత్తినవాళ్లు చెప్పేది మాత్రం పుస్తకంలో తప్పక రాసుకోవాలి.

సిద్దిపేట తమ్ముడికి ఇదంతా చెప్పి, ముందు ఫోన్ పరీక్ష చేయమన్నాను. నిన్న ఫలితం పంపాడు. ఐదుగురు, ఐదు స్పెల్లింగులు. బోర్డుకు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి అడుగుతున్నాడు.